మేకప్పా, స్కిన్నా, హెయిరా: తేల్చుకోవడానికి నాకు పట్టిన ఏడాదిన్నర

2022 జూన్‌లో మా నాన్న చీటీ పాడుకుని లక్షా ఇరవై వేలు తెచ్చి నా చేతిలో పెట్టారు. ఆయనది విశాఖ స్టీల్ ప్లాంట్‌లో కాంట్రాక్టు పని, ఆ చీటీ ఎన్నాళ్ల నుంచి కడుతున్నారో ఇంట్లో అందరికీ తెలుసు. "మళ్లీ ఇంత ఇవ్వలేనమ్మా. ఏటి నేర్చుకుంటావో బాగా చూసుకుని నేర్చుకో" అన్నారు. అంతకుమించి ఒక్క మాట అడగలేదు. అడక్కపోవడం వల్లే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పటికి నా బీఎస్సీ అయిపోయి రెండేళ్లు. గాజువాకలో మా వీధి చివర ఒక అక్క పార్లర్‌లో థ్రెడింగ్, వ్యాక్సింగ్, క్లీనప్ చేస్తూ నెలకి 7 వేలు తెచ్చుకునేదాన్ని. ఐబ్రోస్ బాగా చేస్తానని నాకు కొంచెం పేరు కూడా వచ్చింది, నేను సెలవు పెడితే "ఆ అమ్మాయి ఉన్నప్పుడే వస్తాం" అని వెనక్కి వెళ్లిపోయేవాళ్లు ఉండేవారు. అందుకే ఈ ఫీల్డ్‌లోనే ఉండాలన్నది ఖాయం చేసుకున్నాను. ఎటు వెళ్లాలన్నదే తెలియలేదు. బయటివాళ్లు బ్యూటీ ఫీల్డ్ అని ఒక్క మాటలో అనేస్తారు గానీ లోపలికి వచ్చి చూస్తే అవి వేరు వేరు ఉద్యోగాలు. పెళ్లి మేకప్ చేసే ఆమెకీ, స్కిన్ క్లినిక్‌లో పనిచేసే ఆమెకీ, సెలూన్‌లో జుట్టు కత్తిరించే ఆమెకీ నిద్రపోయే వేళలు వేరు, డబ్బొచ్చే తీరు వేరు, సాయంత్రానికి నొప్పి పుట్టే చోటు కూడా వేరు. ఈ సంగతి నాకు ముందుగా చెప్పినవాళ్లు లేరు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మొదట తప్పు చేశాను. సిటీలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ఆల్ ఇన్ వన్ డిప్లొమా అని మూడు నెలల కోర్సు, 45 వేలు, ఇంటర్నేషనల్ సర్టిఫికెట్ ఇస్తామన్నారు. మేకప్, హెయిర్, స్కిన్, నెయిల్స్ అన్నీ వస్తాయి కదా, తర్వాత ఏది నచ్చితే అది చేసుకోవచ్చు అనుకుని కట్టేశాను. బ్యాచ్‌లో ఇరవై నాలుగు మందిమి, కుర్చీలు రెండు. ఫౌండేషన్ మా చేతి వెనకే రాసుకుని బ్లెండ్ చేసుకునేవాళ్లం. హెయిర్ కలర్ క్లాసుకి ఇచ్చిన డమ్మీ తలకి ఉన్నది ప్లాస్టిక్ జుట్టు, దానికి రంగు అంటదు. రంగు ఎలా కలపాలో బోర్డు మీద రాయించారు, అంతే. చివర్లో బంగారు ముద్ర ఉన్న కాగితం ఇచ్చి ఫొటో తీశారు. ఆ కాగితం పట్టుకుని ఒక సెలూన్‌కి ఇంటర్వ్యూకి వెళ్తే మేనేజర్ దాన్ని తిరగేసి కూడా చూడకుండా పక్కన పెట్టి, కుర్చీలో కూర్చున్న అమ్మాయిని చూపించి "బ్లో డ్రై చేసి చూపించమ్మా" అన్నారు. రౌండ్ బ్రష్ జుట్టులో చిక్కుకుపోయింది. ఆ అమ్మాయి "అబ్బా" అంది. నేను సారీ చెప్పి బయటికొచ్చి ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా నడిచి, 38 బస్సెక్కి గాజువాక వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. నాన్న డబ్బులో 45 వేలు పోయాయి.

డబ్బు కట్టే ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే, ఈ సర్టిఫికెట్ ఇచ్చేది ఎవరు అని. మీ ఇన్‌స్టిట్యూటేనా, వేరే సంస్థ ఏదైనా పరీక్ష పెట్టి ఇస్తుందా? ఐటీఐల్లో కాస్మెటాలజీ ట్రేడ్ ఉంది, ఏడాది కోర్సు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఎన్‌సీవీటీ సర్టిఫికెట్ వస్తుంది, గవర్నమెంట్ ఐటీఐ అయితే ఫీజు కూడా భారం కాదు. బ్యూటీ అండ్ వెల్‌నెస్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ అనే సంస్థ సర్టిఫికెట్లు లెవల్స్ ప్రకారం ఉంటాయి, అసిస్టెంట్ బ్యూటీ థెరపిస్ట్ లెవల్ 3, బ్యూటీ థెరపిస్ట్ లెవల్ 4. విదేశాల్లో, క్రూయిజ్ షిప్పుల్లో స్పా పనికి వెళ్లాలనుకునేవాళ్లు జ్యూరిక్‌లో ఆఫీసున్న సిడెస్కో అనే అంతర్జాతీయ సంస్థ డిప్లొమా వైపు చూస్తారు, అది ఖరీదైన దారి. ఇవన్నీ నాకు ఆ కోర్సు అయ్యాక తెలిశాయి.

మిగిలిన 75 వేలు అమ్మ దగ్గరే ఉంచేసి ఒక నిర్ణయం తీసుకున్నాను. ఒక్కో పనిలో కొన్ని నెలలు హెల్పర్‌గా చేసి, దాని మామూలు రోజు ఎలా ఉంటుందో నా కళ్లతో చూసేదాకా ఆ డబ్బు ముట్టుకోకూడదని. నేను చేసిన మంచి పని ఇదొక్కటే అనుకుంటాను.

ముందు మేకప్. మద్దిలపాలెంలో పెళ్లిళ్ల మేకప్ చేసే ఒక అక్క దగ్గర 2023 మాఘమాసంలో చేరాను. పెళ్లికి 1,500 చొప్పున, నెలలో తొమ్మిది పది పెళ్లిళ్లు. ముందురోజు చీర కుచ్చిళ్లు పెట్టి ఇస్త్రీ చేసి క్లిప్పులతో మడత పెట్టడం నుంచి, బ్రష్‌లు కడిగి ఆరబెట్టడం, పూలజడకి పిన్నులు లెక్కపెట్టి పెట్టుకోవడం దాకా అన్నీ నావే.

అనకాపల్లిలో ఒక పెళ్లి నాకు బాగా గుర్తు. ముహూర్తం రాత్రి రెండు దాటాక. మేం సాయంత్రం ఏడింటికే వెళ్లాం, కానీ మంగళస్నానం అయ్యి అమ్మాయి మా చేతికి వచ్చేసరికి పదిన్నర. నలుగు పెట్టిన పసుపు చర్మంలో ఇంకిపోయి ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు ఉంది. కొత్తవాళ్లు ముఖం చూసి షేడ్ తీస్తారు, అక్క మెడ మీద, గుండె మీద పెట్టి చూసి తీసింది. కళ్ల కింద నలుపుకి ముందు నారింజ రంగు కరెక్టర్ పలచగా వేసి, దాని మీద ఫౌండేషన్ కూడా ఒకేసారి వేయకుండా పలచటి పొరలుగా వేసింది. గదిలో ఏసీ ఉంది కానీ ఇరవై మంది చుట్టాలు తలుపు తీసుకుని వచ్చి పోతుంటే అది ఉన్నా లేనట్టే. ముక్కు పక్కన చెమట చుక్క లేస్తే అక్క టిష్యూ మడిచి అద్దేది, తుడిచేది కాదు. తుడిస్తే కింద పొర కూడా లేచి వస్తుంది. పౌడర్ కూడా పఫ్‌తో నొక్కడమే, రుద్దడం లేదు. పన్నెండున్నరకి అమ్మాయి "కళ్లు తిరుగుతున్నాయక్కా" అంది. పొద్దున్నుంచి ఉపవాసం. నేను బిస్కెట్ తీయబోతే వాళ్ల మామ్మగారు "ముహూర్తం దాకా మెతుకు ముట్టకూడదు" అన్నారు. అక్క గొంతు పెంచలేదు. "మెతుకు కాదు మామ్మగారూ, పంచదార నీళ్లే" అని గ్లాసులో కలిపి, లిప్‌స్టిక్ చెదరకుండా స్ట్రా పెట్టి, ఆవిడ ముందే తాగించింది. ఆవిడే తర్వాత ఇంకో గ్లాసు కలిపి తెచ్చారు.

బాసికం కట్టిన చోట దారం ఒరుసుకుని నుదుటి మీద మేకప్ లేస్తుంది, జీలకర్ర బెల్లం పెట్టాక పాపిట నుంచి తడి కిందికి దిగుతుంది, అప్పగింతల్లో ఎలాగూ ఏడుస్తారు. ఇవన్నీ తట్టుకునేలా చేయడమే తెలుగు పెళ్లి మేకప్. స్టూడియోలో లైట్ల కింద చేసే మేకప్‌తో దాన్ని పోల్చలేం. నాకు ఆ పని చాలా ఇష్టమైంది, ఇప్పటికీ ఇష్టమే.

కానీ అక్క ఇంట్లో గోడకి క్యాలెండర్ ఉండేది. పెళ్లి ఒప్పుకున్న తేదీకల్లా ఎర్ర స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టేది. ఫిబ్రవరి, మార్చి పేజీల నిండా చుక్కలే, ఒక్కో తేదీకి రెండు కూడా. ఆ ఏడాది జూన్ మూడో వారంలో ఆషాఢం వచ్చింది, అది అయ్యాక అధిక శ్రావణం పడింది. ఆగస్టు సగం దాకా ఒక్క చుక్క లేదు. రెండు నెలలు వరసగా సున్నా. అక్కకి పదేళ్ల అనుభవం ఉంది కాబట్టి సీజన్‌లో వచ్చింది దాచుకుని, ఖాళీ నెలల్లో నేర్పించే క్లాసులు పెట్టుకుని నెట్టుకొస్తుంది. కొత్తగా మొదలుపెట్టిన నేను ఏం చేయగలను? మా ఇంట్లో నాన్న కాంట్రాక్టు రెన్యువల్ ప్రతిసారీ ఒక టెన్షనే, నా జీతం కూడా పంచాంగం మీద ఆధారపడితే అమ్మ ఏం వండుతుంది? ఇంకో సంగతి, తెల్లవారుజామున నాలుగింటికి ఇల్లు చేరడం. అక్కకి కారు నడిపే బావగారు ఉన్నారు. నాకు ప్రతిసారీ తమ్ముణ్ణి లేపాల్సి వచ్చేది, వాడికి మర్నాడు పొద్దున్నే కాలేజీ. రాత్రిపూట తోడు ఎవరన్నది ఈ దారిలో చేతి పనితనమంత ముఖ్యమైన విషయం, ఆడపిల్లలు ఇది ముందే లెక్కేసుకోవాలి.

చుక్కల్లేని ఆ రెండు నెలలు ఖాళీగా ఉండకుండా స్కిన్ వైపు వెళ్లాను. ఒక క్లినిక్‌లో థెరపిస్ట్ అసిస్టెంట్, 12 వేలు, పొద్దున పది నుంచి రాత్రి ఏడు, తెల్ల యూనిఫాం. మా అమ్మకి ఇదే నచ్చింది, హాస్పిటల్ ఉద్యోగంలా ఉందని చుట్టాలకి ఫోన్ చేసి చెప్పుకుంది. నిజంగా అక్కడ చాలా నేర్చుకున్నాను, ముఖ్యంగా ఏది ముట్టుకోకూడదో. లేజర్, ఇంజెక్షన్లు డాక్టర్ పని. వారం రోజుల ట్రైనింగ్ తీసుకుని పార్లర్‌లో అవి చేస్తామనేవాళ్ల దగ్గరికి దయచేసి వెళ్లొద్దు. స్టిరాయిడ్ క్రీములు రాసుకుని పాడైన ముఖాలు వారానికి నాలుగైదు చూసేదాన్ని. మందుల షాపులో ఎవరో చెప్పారని కొనుక్కుంటారు, మొదట్లో తెల్లగా, నున్నగా అవుతుంది, కొన్నాళ్లకి చర్మం పలచబడి ఎర్రగా నరాలు కనిపిస్తాయి, మానేస్తే మంట, అందుకని మళ్లీ అదే రాస్తారు. పార్లర్‌లో అలాంటి ముఖానికి బ్లీచ్ వేస్తే ఏమవుతుందో ఆలోచిస్తే నాకు ఒళ్లు జలదరించింది, ఎందుకంటే గాజువాకలో నేను అడక్కుండానే ఎంతమందికి వేశానో.

అక్కడ మానేయడానికి కారణం టార్గెట్లు. నెలకి ఇన్ని ప్యాకేజీలు అమ్మాలని మాకు లెక్క ఉండేది. పెందుర్తి నుంచి ఒక అమ్మాయి వచ్చింది, పంతొమ్మిదేళ్లు ఉంటాయేమో, పెళ్లిచూపులు ఉన్నాయట, వాళ్లమ్మ పక్కనే కూర్చుంది. చామనఛాయ, మచ్చ లేని చర్మం, చూడముచ్చటగా ఉంది. "తెల్లగా అవుతానా మేడమ్" అని అడిగింది, నన్నెవరో మేడమ్ అనడం అదే మొదటిసారి. ఆరు సిట్టింగుల ప్యాకేజీ చెప్పమని మేనేజర్ కళ్లతో సైగ చేశారు. నేను "నీ చర్మం బాగుందమ్మా, ఎండలో సన్‌స్క్రీన్ రాసుకో చాలు" అన్నాను. వాళ్లు వెళ్లిపోయాక నాకు గట్టిగా పడింది. ఆ మాటలు పడటం పెద్ద బాధ కాదు. ఇదే ప్రశ్న రోజూ ఎవరో ఒకరు అడుగుతారు, రోజూ నేను ఒక అబద్ధం చెప్పాలి లేదా ఒక గొడవ పడాలి, అదే తట్టుకోలేననిపించింది. మంచి డాక్టర్ దగ్గర, టార్గెట్లు లేని చోట దొరికితే స్కిన్ చాలా గౌరవమైన, స్థిరమైన దారి, నా స్నేహితురాలు అలాంటి చోటే సంతోషంగా చేస్తోంది. నాకు దొరకలేదు.

ఇక హెయిర్. నిజం చెప్పాలంటే అది నా లిస్టులో ఆఖరున ఉంది. ఇంట్లో కూడా అదే గొడవ. బాబాయ్ భోజనానికి వచ్చినప్పుడు "డిగ్రీ చదివి జుట్టు కత్తిరిస్తావా? మనింట్లో ఆ పని ఎవరైనా చేశారా?" అన్నారు. ఆ మాటలో ఏముందో మనందరికీ తెలుసు. మేకప్ అంటే కళ అంటారు, స్కిన్ అంటే డాక్టర్ పక్కన ఉద్యోగం అంటారు, కత్తెర పట్టుకుంటే మాత్రం కులం గుర్తొస్తుంది. నాకు కటింగ్ నేర్పిన మాస్టారు తరతరాలుగా ఆ పనిలో ఉన్న నాయీబ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చినవారు, వాళ్ల నాన్నగారు పెళ్లిళ్లలో సన్నాయి వాయించేవారట. ఊళ్లో ఏ శుభకార్యమూ వాళ్ల సన్నాయి లేకుండా మొదలవ్వదు, పురుడు నుంచి కర్మకాండ దాకా వాళ్ల చెయ్యి పడాలి, అయినా ఆ పనికి తక్కువ చూపు. బాబాయ్‌కి నేను ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడైతే చెప్తాను, మాస్టారి చేతిలో ఉన్న విద్యలో సగం నాకొస్తే నా జన్మకి చాలు అని.

2023 అక్టోబర్‌లో సిరిపురం వైపు ఒక సెలూన్‌లో ట్రైనీగా చేరాను, 9 వేలు. క్లినిక్ కంటే తక్కువ. మొదటి రెండు నెలలు తల కడగడం, నేల ఊడ్చడం, టవళ్లు ఆరేయడం, అంతే. రోజుకి ఇరవై తలలు. షాంపూకి వేళ్ల సందుల్లో చర్మం పగిలి రక్తం కారేది, అన్నం కలుపుకుంటే కారం తగిలి కళ్లమ్మట నీళ్లొచ్చేవి. మాస్టారు చూసి నైట్రైల్ గ్లవ్స్ తెప్పించారు, రాత్రి కొబ్బరినూనె రాసుకుని పడుకోమన్నారు. ఈ దారిలోకి వచ్చేవాళ్లు మొదటి రోజు నుంచే గ్లవ్స్ వేసుకోండి, చేతులు పాడైతే పనే లేదు. సాయంత్రానికి మడమలు, నడుము గురించి వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత కత్తెర చేతికిచ్చారు. నెల రోజులు జుట్టు లేకుండా గాలిలోనే. కత్తెరలో ఒక అలుగు కదలకుండా ఉండాలి, బొటనవేలు ఒక్కటే కదలాలి. బస్సులో కూర్చుని కూడా బొటనవేలు ఆడిస్తూ ఉండేదాన్ని. జుట్టుని ఏ కోణంలో ఎత్తి కత్తిరిస్తే ఎలా పడుతుందో, కిందికి వదిలేసి కత్తిరిస్తే ఒకే గీతగా, తలకి నిటారుగా లేపి కత్తిరిస్తే లేయర్లుగా, ఇదంతా జామెట్రీ అని నాకు అప్పుడు తెలిసింది. ఇక కలర్ దగ్గరికొచ్చేసరికి ఇంటర్ బైపీసీలో చదివిన కెమిస్ట్రీ మొత్తం ఎదురొచ్చింది. రంగులో కలిపే డెవలపర్ డబ్బా మీద 20 వాల్యూమ్ అని ఉంటుంది. 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ అది, ఒక లీటరు నుంచి 20 లీటర్ల ఆక్సిజన్ వస్తుందని అర్థం. పరీక్ష కోసం బట్టీ పట్టిన లెక్క అది. 30 అయితే 9 శాతం, 40 అయితే 12. జుట్టు రంగుకి లెవల్స్ ఉంటాయి, 1 అంటే కటిక నలుపు, అంకె పెరిగేకొద్దీ రంగు తేలిక. మన జుట్టు మామూలుగా 1, 2, 3 లెవల్స్‌లో ఉంటుంది, దాన్ని తేలిక చేస్తూ పోతే ముందు ఎరుపు, తర్వాత నారింజ, తర్వాత పసుపు బయటపడతాయి. ఫోన్‌లో బూడిద రంగు జుట్టు ఫొటో చూపించి గంటలో కావాలనే పిల్లలకి ఇది ఓపిగ్గా చెప్పాలి. వైజాగ్ గాలి సంగతి కూడా అంతే. బ్లో డ్రై చేయించుకుని ఆర్కే బీచ్‌కి వెళ్తే అరగంటలో జుట్టు ఉబ్బిపోతుంది, తిట్టుకుంటారు. వేడితో మనం మార్చేది జుట్టులో హైడ్రోజన్ బంధాలని మాత్రమే, గాలిలో తేమ తగిలితే అవి మళ్లీ మొదటికొస్తాయి. జుట్టుని మందు పెట్టి సాఫీగా చేసే రీబాండింగ్‌లో విడగొట్టేది గంధకపు బంధాలని, అందుకే అది నిలుస్తుంది, అందుకే అందులో పొరపాటు చేస్తే జుట్టు తెగిపోతుంది కూడా.

నవంబర్‌లో, నేనింకా తలలు కడుగుతున్న రోజుల్లోనే, అక్కయ్యపాలెం నుంచి ఒక టీచర్‌గారు వచ్చారు. నలభై ఐదు దాటి ఉంటాయి. ఎనిమిదేళ్లుగా ప్యాకెట్‌లో వచ్చే నల్ల హెన్నా పౌడర్ పెట్టుకుంటున్నారట, ఇప్పుడు బ్రౌన్ కలర్ వేయించుకోవాలి, వారంలో కొడుకు నిశ్చితార్థం. బిల్లు నాలుగున్నర వేల దాకా అవుతుంది, అప్పటి మా సెలూన్‌కి అది చిన్న మొత్తం కాదు. మాస్టారు నన్ను పిలిచి "చెవి వెనక నుంచి నాలుగు వెంట్రుకలు తీసి టెస్ట్ చెయ్యమ్మా" అన్నారు. గాజు గిన్నెలో 20 వాల్యూమ్ పెరాక్సైడ్, కొన్ని చుక్కల అమోనియా, అందులో దారంతో కట్టిన ఆ కుచ్చు. ఇద్దరం చూస్తూ నిల్చున్నాం. కాసేపటికి కుచ్చు చుట్టూ బుడగలు లేచాయి. గిన్నె అడుగున వేలు పెడితే వెచ్చగా తగిలింది, ఒక రకమైన చెడు వాసన. దువ్వెన తోకతో కుచ్చుని పైకి తీస్తే మధ్యలో తడి నూలులా సాగి తెగిపోయింది. ఆ పౌడర్‌లో రాగి లాంటి లోహపు లవణాలు ఉన్నాయి, అవి పెరాక్సైడ్‌తో కలిస్తే ఇంతే. ఆవిడ తలంతా రంగు వేసి ఉంటే ఆ గిన్నెలో జరిగింది తల మీద జరిగేది.

తెగిన ఆ కుచ్చు టిష్యూ మీద పెట్టి ఆవిడకి చూపించి, వేయలేం మేడమ్ అని చెప్పాం. పాత జుట్టు పెరిగి పోవాల్సిందే, వేరే దారి లేదు అన్నాం. ఆవిడకి చాలా కోపం వచ్చింది, పండగ ముందు ఇలా చెప్తారా అని పర్సు తీసుకుని వెళ్లిపోయారు. నేను మాత్రం ఆ రోజు బస్సులో మామూలుగా లేను. ఒక మనిషి తలని కాపాడాం, అదీ నాకు తెలిసిన సైన్సుతో. మేకప్ నాకు ఇష్టం అన్నాను కదా, ఇది ఇష్టం కంటే ఎక్కువ అనిపించింది. ఇంకా ఎంతో తెలుసుకోవాలి అనే ఆకలి పుట్టింది.

2024 జనవరిలో నోట్‌బుక్ తీసి మూడు పేజీల్లో మూడు పనుల గురించి రాశాను. ఎక్కువ ఆలోచించాల్సిన అవసరం రాలేదు. జుట్టు నెలకి సెంటీమీటర్ పైచిలుకు పెరుగుతుంది. ఆషాఢంలోనూ పెరుగుతుంది, మూఢంలోనూ పెరుగుతుంది. తెల్ల వెంట్రుకలకి రంగు వేయించుకున్న మనిషి నాలుగైదు వారాలకి మళ్లీ రావాల్సిందే, ఆ కుర్చీలో నేను నమ్మకంగా చేస్తే నా దగ్గరికే వస్తారు. పగటిపూట పని, రాత్రి ఎనిమిదిన్నరకి ఇంట్లో. అమ్మ దగ్గరున్న 75 వేలల్లో 40 వేలు పెట్టి, ఈసారి రెండు రోజులు వెళ్లి క్లాసు చూసి, నిజమైన మనుషుల మీద చేయిస్తున్నారని నమ్మకం కుదిరాకే, కటింగ్, కలర్ కోర్సులో చేరాను. ఎనిమిదిన్నర వేలు పెట్టి నా సొంత కత్తెర కొనుక్కున్నాను. మిగతాది నాన్నకి తిరిగి ఇస్తే తీసుకోలేదు.

అదే ఏడాది ఏప్రిల్ ఆఖర్లో శుక్రమూఢం పట్టింది, తర్వాత ఆషాఢం, మళ్లీ శ్రావణం దాకా ముహూర్తాల్లేవు. వేసవి పెళ్లిళ్లే లేకుండా పోయాయి. మద్దిలపాలెం అక్క ఫోన్ చేసి "నువ్వు మంచి పని చేశావే" అంది, ఆ గొంతు విని నాకు సంతోషం వేయలేదు. సీజన్‌లో ఆవిడ పెళ్లికూతుళ్లకి జడలు, పూలజడలు ఇప్పటికీ నేనే వేస్తాను, ఆదివారాలు, రాత్రి పదిలోపు ముహూర్తాలైతేనే. అలా మేకప్ గదిని పూర్తిగా వదులుకోలేదు.

సొంత పార్లర్ ఎప్పుడు అని అడుగుతారు. ఎంవీపీ కాలనీలో ఒక గది చూశాను, అడ్వాన్సే రెండు లక్షలు అడిగారు. ముద్రా లోన్ ఉంది, 50 వేల దాకా శిశు, 5 లక్షల దాకా కిశోర్, దానికి అడ్డు లేదు. కానీ అద్దె, కరెంటు, ఇద్దరు అమ్మాయిల జీతాలు, జీవీఎంసీ (విశాఖ కార్పొరేషన్) ట్రేడ్ లైసెన్సు, ఇవన్నీ చూసుకునే మనిషి జుట్టు మీద దృష్టి పెట్టలేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సెలూన్ సర్వీసుల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది, కాకపోతే కొన్న సరుకు మీద కట్టిన పన్ను వెనక్కి రాదు. ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారమైతే ఆ రిజిస్ట్రేషనే అక్కర్లేదు. ఈ లెక్కలన్నీ తెలుసుకుంటున్నాను గానీ ఇంకో రెండేళ్లు మాస్టారి పక్కనే ఉంటాను. ఇప్పుడు జీతం, ఇన్సెంటివ్ కలిపి నెలకి 24 వేలు దాటుతోంది.

ఆ టీచర్‌గారు 2024 డిసెంబర్‌లో మళ్లీ వచ్చారు. నేను గుర్తు పట్టలేదు, ఆవిడే "ఆ రోజు గిన్నెలో వేసి చూపించింది నువ్వే కదమ్మా" అన్నారు. పదమూడు నెలలుగా తలకి ఏమీ పెట్టలేదట. పైన పదిహేను సెంటీమీటర్ల దాకా తెలుపు, బూడిద కలిసిన జుట్టు, అక్కడి నుంచి కిందికి ఆ పాత మొద్దు నలుపు, మధ్యలో గీత గీసినట్టు. ఆ తలతోనే స్కూలుకి వెళ్లారు, ఆ తలతోనే కొడుకు పెళ్లి చేశారు. నాకు నోట మాట రాలేదు. రంగుతో అలర్జీ వస్తుందేమో చూడటానికి చెవి వెనక ప్యాచ్ టెస్ట్ పెట్టి 48 గంటలాగి రమ్మన్నాను, శనివారం పెట్టించుకుని సోమవారం స్కూలయ్యాక సాయంత్రం వచ్చారు. నల్లటి భాగమంతా గీత దగ్గరికి కత్తిరించేశాను, జుట్టు గడ్డం దాకా వచ్చింది. కొత్త జుట్టులో నాలుగు వెంట్రుకలు తీసి మళ్లీ గిన్నెలో వేశాను. నీళ్లు కదల్లేదు, గిన్నె చల్లగానే ఉంది. అప్పుడు లెవల్ 4 బ్రౌన్ కలిపాను.

కడిగి ఆరబెట్టాక ఆవిడ చాలాసేపు అద్దంలో చూసుకున్నారు, మెడ వెనక్కి చెయ్యి పోనిచ్చి జుట్టు అంచు పట్టుకుని చూశారు. మాస్టారు అవతలి కుర్చీ దగ్గర నుంచి ఒకసారి చూసి తన పనిలో పడిపోయారు.

"మళ్లీ ఎప్పుడు రావాలమ్మా?" అన్నారు ఆవిడ.

"అయిదు వారాలకి రండి మేడమ్" అని చెప్పి, సంక్రాంతి దాటాక ఒక సోమవారం సాయంత్రం చూసి, పుస్తకంలో ఆవిడ పేరు రాసుకున్నాను.